ఇవాళ దేవదాసుని ఆపేదెవరు?

(సినిమా రచన నేర్చుకుంటున్నవారి కోసం హైదరాబాద్‌లో జరిగిన తరగతిలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినపడుతోందా? వినపడకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి.

ముందు ఒక మాట అడుగుతాను. దేవదాసు సినిమా చూసినవాళ్లు ఎంతమంది? నాగేశ్వరరావు గారిదైనా సరే, షారుఖ్ ఖాన్‌దైనా సరే. దాదాపు అందరూ చూశారు. మరి నవల చదివినవాళ్లు? నలుగురో ఐదుగురో కనిపిస్తున్నారు. చిన్న నవల, ఒక పూటలో అయిపోతుంది. ఈ వారంలో చదివెయ్యండి. ఎందుకు చదవమంటున్నానో మాట్లాడుతున్న కొద్దీ మీకే తెలుస్తుంది.

పాత విషాద ప్రేమకథని ఈ కాలానికి ఎలా తేవాలి? ఇదీ ఇవాళ్టి విషయం. మీలో చాలామంది రాసిచ్చిన కథాసంగ్రహాలు చదివాను. ఒకదాంట్లో దేవదాసు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ఒకదాంట్లో క్రికెటర్, ఇంకోదాంట్లో ఎన్నారై. పార్వతికి ఉద్యోగం ఉంది. ఇద్దరి చేతుల్లో ఫోన్లున్నాయి. బాగుంది. అయితే అన్నింట్లోనూ నేను వెతికింది ఒకటే. వీళ్లిద్దరూ పెళ్లి ఎందుకు చేసుకోలేదు? ఎందుకు చేసుకోలేదమ్మా? ఇద్దరూ మేజర్లు, ఇద్దరికీ జీతాలున్నాయి, ఇష్టపడ్డారు. రిజిస్ట్రార్ ఆఫీసు ఊళ్లోనే ఉంది. మరి ఆపిందెవరు? చాలా సంగ్రహాల్లో దానికి జవాబు ఒకే వాక్యం: ‘నాన్న ఒప్పుకోలేదు.’ ఆ వాక్యం దగ్గరే కథ ఆగిపోతోంది. నాన్న ఒప్పుకోకపోతే ఏమవుతుంది, ఎందుకు ఒప్పుకోడు, ఒప్పుకోకపోయినా వీళ్లు ఎందుకు వెళ్లిపోరు? ఇవి తేలకుండా మిగతా ఎనభై పేజీలు రాసి ప్రయోజనం లేదు.

ఆ బెంగాలీ నవల రాసిన శరత్‌చంద్ర ఏం చేశాడో చూడండి. పాతికేళ్లు నిండీ నిండని వయసులో రాసిన నవల అది. చాలా కాలం అచ్చుకివ్వడానికి ఆయనకి మనసొప్పలేదు. చివరికి 1917లో పుస్తకంగా వచ్చింది. అందులో అడ్డు ఏమిటి? కులం కాదు. ఇద్దరూ బ్రాహ్మణులే, ఇళ్లు పక్కపక్కనే. చిన్నప్పటి నుంచీ ఒకే బడి, ఒకే తోట. మరి ఏమిటి అడ్డు? పార్వతి వాళ్లది పిల్లనిచ్చి డబ్బు పుచ్చుకునే ఇల్లు. కన్యాశుల్కం అంటే మనకి వేరే చెప్పక్కర్లేదు కదా! అలాంటి ఇంటితో, పైగా గోడవతల ఇంటితో వియ్యమందితే జమీందారు ముఖర్జీల మర్యాద తగ్గిపోతుంది. అంతే. బయటినుంచి చూస్తే ఎంత చిన్న విషయం! కానీ ఆ ఊళ్లో, ఆ కాలంలో, అది దాటరాని గోడ. పాఠకుడికి ఆ గోడ ఎత్తు ఎంతో తెలుసు. వేరే వివరించాల్సిన పని శరత్‌కి లేదు.

ఇంకో సంగతి మనం మర్చిపోతాం. నవలలో పెళ్లినాటికి పార్వతి వయసు పదమూడేళ్లు. అవును, పదమూడు. తెర మీద ఎప్పుడూ నిండు యువతినే చూశాం కాబట్టి మనకది తట్టదు. వయసు మార్చిన మొదటి నిమిషమే మీరు కథ మొత్తాన్ని కదిలించినట్టు. పదమూడేళ్ల పిల్ల పెళ్లిలో ఆమె ఇష్టాయిష్టాలతో పనిలేదు. పాతికేళ్ల పార్వతి, పెద్ద పిల్లలున్న రెండోపెళ్లివాడైన భువన్ చౌదరిని ఎందుకు చేసుకుంటుంది? ఆమె ‘సరే’ అనడానికి మీరు కారణం రాయాలి. ఇంట్లో అప్పుందా? చెల్లెలి పెళ్లి ఆగిపోయిందా? దేవదాసు మీద కసా? ఏదో ఒకటి గట్టిగా ఉండాలి. లేకపోతే ఆమె తోలుబొమ్మలా కనపడుతుంది. శరత్ పార్వతి పదమూడేళ్లప్పుడు కూడా తోలుబొమ్మ కాదు.

అది తెలియాలంటే ఆ రాత్రి సన్నివేశం చదవాలి. దాని దగ్గర కాసేపు ఆగుదాం.

అర్ధరాత్రి దాటింది. పార్వతి ఒంటరిగా నడిచి జమీందారు ఇంట్లోకి వెళుతుంది. ఆడపిల్ల, పెళ్లి నిశ్చయమైన పిల్ల. దేవదాసు గదిలోకి వెళ్లి అతన్ని లేపుతుంది. అతను మొదట అడిగేదేమిటి? ఎవరైనా చూశారా, రేపు పొద్దున తలెత్తుకోగలవా, అని. చూసే ఉంటారు, అయినా వచ్చాను, నా సిగ్గు నువ్వు కప్పుతావన్న నమ్మకం లేకపోతే ఎందుకొస్తాను, అన్న అర్థంలో ఆమె జవాబిస్తుంది. ఏటిలో అన్ని నీళ్లున్నాయి, అవి నా అపవాదుని కప్పలేవా అని కూడా అంటుంది. ఆ మాటలో బెదిరింపు లేదు, అతను కాదంటే ఏం చేయాలో ముందే ఆలోచించుకుని వచ్చిన పిల్ల. ఇక దేవదాసు? అమ్మానాన్న మాట ఎలా కాదనడం అంటాడు. కాదంటే ఏం అంటుంది ఆమె. అక్కడ అతని దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు అసలు చూడాల్సింది. ఆమెను ఇంటికి దిగబెడతానని అతనే బయల్దేరతాడు. నువ్వొస్తావా అని ఆమె ఆశ్చర్యపోతుంది. వస్తే ఏం, పుకారు పుడితే పుట్టనీ, దాంతోనైనా ఒక దారి దొరుకుతుందేమో, అన్నట్టు మాట్లాడతాడు. గమనించారా? నోరు తెరిచి నాన్నకి ఎదురు చెప్పడం అతనికి చేతకాదు, కానీ ఊరు పుకారు పుట్టించి, ఆ పుకారే తన తరఫున పెళ్లి నిర్ణయించేస్తే బాగుండునని ఆశ. తన నిర్ణయం ఇంకెవరో చేసిపెట్టాలి. దేవదాసు మొత్తం ఆ ఒక్క మాటలో ఉన్నాడు. తాగుడు చాలా తర్వాత వస్తుంది.

ఆ తర్వాత తండ్రి కోప్పడితే కలకత్తా వెళ్లిపోతాడు. అక్కడినుంచి పార్వతికి ఉత్తరం రాస్తాడు, నిన్ను అంతగా ప్రేమించినట్టు నాకెప్పుడూ అనిపించలేదని. పోస్టులో వేసిన మరుక్షణం నుంచీ మనసు పీకుతుంది. ఎందుకు వేశాను, ఆమె చదివి ఏమనుకుంటుంది? పరుగెత్తుకుని ఊరొస్తాడు. చెరువు గట్టున కలుస్తాడు. ఇప్పుడు ఆమె వంతు. నువ్వు చేసుకుంటానంటే నేను చేసుకోవాలా, నీకు అమ్మానాన్నలున్నట్టే నాకూ ఉన్నారు అన్న ధోరణిలో నిలబడుతుంది. చేతిలో ఉన్న గాలపుకర్రతో ఆమె నుదుటిమీద కొడతాడు. ఆ మచ్చ ఉండిపోతుంది.

ఇది నేటి తెర మీదకి ఎలా తెస్తారు? చెప్పండి. ఆ దెబ్బని ప్రేమచిహ్నంగా చూపించే పద్ధతి చాలాకాలం నడిచింది. అలా తీయకండి అని గట్టిగా చెబుతున్నాను. కొట్టాడు, అది దెబ్బే. ఆమె ఆ మచ్చ మోస్తూ బతికింది. ఆ మచ్చని ఆమె కళ్లతో చూపించగలిగితే సన్నివేశం నిలుస్తుంది. వెనక వయొలిన్ పెట్టి తియ్యటి బాధగా మార్చేస్తే మాత్రం హాల్లో కూర్చున్న ఇవాళ్టి అమ్మాయికి మీ సినిమా అక్కడే అయిపోయినట్టు.

ఇక ఫోన్ సంగతి. సెల్‌ఫోన్ వచ్చాక పాత ప్రేమకథలన్నీ చచ్చిపోయాయని ఒక మాట వినపడుతూ ఉంటుంది. నేనొప్పుకోను. రోమియో జూలియెట్ సంగతే తీసుకోండి. ఆమె చచ్చినట్టు నటిస్తోందని చెప్పే ఉత్తరం రోమియోకి అందదు. ఎందుకు? తీసుకెళ్లాల్సిన సన్యాసిని ప్లేగు అనుమానంతో ఒక ఇంట్లో బంధించారు. అది ప్రమాదం. వాట్సాప్ రోజుల్లో ఆ ప్రమాదం నిలవదు, నిజమే. కానీ అదే కథని న్యూయార్క్‌కి తెచ్చిన 1961 నాటి సినిమా వెస్ట్ సైడ్ స్టోరీలో ఏం చేశారో చూడండి. అప్పటికి సెల్‌ఫోన్లు లేవు, అయినా రచయితలు ఉత్తరాన్ని తీసేశారు. న్యూయార్క్ వీధుల్లో రెండు గ్యాంగులు. టోనీ అంటే ఇక్కడి రోమియో, మరియా జూలియెట్. టోనీకి కబురు చెప్పడానికి మరియా స్నేహితురాలు అనీతా వెళుతుంది. అవతలి కుర్రాళ్లు ఆమెను చుట్టుముట్టి, అవమానించి, మీదపడబోతారు. ఆ కోపంలో, ఆ అవమానంలో ఆమె అబద్ధం చెప్పేస్తుంది, మరియా చచ్చిపోయిందని. కబురు చేరింది! సరిగ్గా చేరింది. కానీ ద్వేషం దాన్ని మార్చేసింది. ప్రమాదం ఉన్న చోట మనిషిని పెట్టారు. అలా పెట్టారు కాబట్టే ఫోన్లు వచ్చాక కూడా ఆ సన్నివేశం చెక్కుచెదరదు.

అలాగే దేవదాసు ఉత్తరం. ఇవాళ ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ ఉంది కాబట్టి ఆ సన్నివేశం పనికిరాదా? నాకైతే ఇంకా పదునెక్కిందనిపిస్తుంది. రాత్రి రెండింటికి పంపాడు. రెండు టిక్కులు పడ్డాయి. నీలమయ్యాయి. అప్పుడు డిలీట్ కొట్టాడు. ఆమె స్క్రీన్ మీద ఏముంటుంది? ఈ మెసేజ్ తొలగించారు అన్న ముక్క. చదివేసింది, మర్చిపోలేదు. పైగా చదివినదాని రుజువు కూడా చేతిలో లేదు. అన్న మాట మీద నిలబడడు, అన్నానని ఒప్పుకోడు. మనిషి మారలేదు చూడండి, పనిముట్టు మారింది.

మన తెలుగు దేవదాసు సంగతి కూడా చెప్పుకోవాలి. 1953లో వేదాంతం రాఘవయ్య గారు తీసిన సినిమా. బెంగాలీలో, హిందీలో పి.సి. బారువా 1935, 1936ల్లోనే తీసి, సైగల్ పాటలతో దేశమంతా ఊగిపోయిన కథ. మనవాళ్లు దాన్ని కాలంలో ముందుకి జరపలేదు, నేల మార్చారు. దేవదాసు స్నేహితుడు చునీలాల్ ఇక్కడ భగవాన్ అయ్యాడు, పేకేటి శివరాం గారు వేశారు. సముద్రాల గారి మాటలు, పాటలు, సి.ఆర్. సుబ్బరామన్ సంగీతం. సుబ్బరామన్ గారు సినిమా పూర్తవకముందే చనిపోయారు. ‘జగమే మాయ’ విన్న తెలుగువాడెవడికీ ఇది బెంగాల్ కథన్న ఆలోచనే రాదు. ఎందుకు రాలేదు? చక్రపాణి గారి వంటివారి అనువాదాల వల్ల శరత్ అప్పటికే మన ఇళ్లలో మనిషి. అంతకన్నా ముఖ్యం, పరువు కోసం పిల్లల గొంతు నొక్కే జమీందారు మన ఊళ్లలోనూ ఉన్నాడు. ఎస్.వి. రంగారావు గారు తెర మీదకి రాగానే ఆ ఇల్లు ఎలాంటిదో జనానికి తెలిసిపోయింది. అడ్డు నిజం కాబట్టి కథ ఇక్కడ వేరూనింది.

1974లో విజయనిర్మల గారు కృష్ణ గారితో మళ్లీ తీశారు. జనం పాతదాన్నే గుండెల్లో ఉంచుకున్నారు. దాని గురించి ఎక్కువ మాట్లాడను.

నిజంగా ఈ కాలానికి తెచ్చినవాడు హిందీ దర్శకుడు అనురాగ్ కశ్యప్. 2009, దేవ్.డి. పంజాబ్, ఢిల్లీ పహాడ్‌గంజ్. ఆయన అడ్డుని ఎక్కడ పెట్టాడు? తండ్రి మీద పెట్టలేదు. పారో గురించి ఎవడో ఒక చెడ్డమాట అంటాడు. దేవ్ నమ్మేస్తాడు, ఆమెను అడగను కూడా అడగడు. విదేశంలో చదివొచ్చాడు, ఫొటో పంపమని అతనే అడిగాడు, చొరవ ఆమెది కావాలని కోరుకున్నదీ అతనే. తీరా ఆమె చొరవ తీసుకుంటే భయపడ్డాడు, అనుమానించాడు. పరుపు సైకిల్‌కి కట్టుకుని చేనుకి వెళ్లిన ఆ పారో, నవలలో అర్ధరాత్రి నడిచొచ్చిన పార్వతే. ఆ ధైర్యం అలాగే ఉంది, దాన్ని భరించలేని మగవాడి పిరికితనం అలాగే ఉంది. మధ్యలో జమీందారు అక్కర్లేకపోయాడు. చివర్లో దేవ్ చావడు. నవలకి ద్రోహం అన్నవాళ్లున్నారు. నాకు అలా అనిపించలేదు. కొన్ని కథల్లో చావు కన్నా, చేసిన పని తెలుసుకుని బతకడం కష్టం. అయితే ఆ బతుకు చవగ్గా దొరకకూడదు.

ఇక్కడ ఒకరు అర్జున్ రెడ్డి అంటున్నారు, వినపడింది. 2017లో వచ్చినప్పుడు ఈ కాలపు దేవదాసు అన్నారు చాలామంది. గడ్డం, సీసా, పెళ్లయిపోయిన అమ్మాయి, పోలికలున్నాయి. కానీ నాకో పెద్ద తేడా కనపడుతుంది. దేవదాసు తాగుడు వెనక ‘తప్పు నాదే’ అన్న ఎరుక ఉంది. అర్జున్ కోపం వెనక ‘నాకు అన్యాయం జరిగింది’ అన్న నమ్మకం ఉంది. మొదటిది విషాదం. రెండోది వేరే కథ, దాని బలం దానిది.

మరి మన దగ్గర, ఇవాళ, నిజమైన అడ్డు ఏది? మనందరికీ తెలుసు. పేపర్లో చదువుతున్నాం. తెలుగు సినిమా మాత్రం ఎన్నో ఏళ్లు దాన్ని డబ్బున్నవాడు, లేనివాడు అన్న ముసుగులో దాచింది. ఇంటిపేరు లేని హీరో, ఊరు తెలియని హీరోయిన్. కులం పేరెత్తకుండా కులం కథ చెప్పబోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ ఉంది, ముందు దాని మూలం చెబుతాను. 2016లో నాగరాజ్ మంజుళే మరాఠీలో సైరాట్ తీశాడు. కులాలు వేరైన ప్రేమజంట పారిపోయి ఎక్కడికొస్తారు? మన హైదరాబాద్‌కే. ఇక్కడి బస్తీలో రేకుల ఇంట్లో కాపురం, భాష రాదు, మోటార్‌సైకిల్, ట్రాక్టర్ నడిపిన పాటిల్ ఇంటి పిల్ల ఫ్యాక్టరీలో పనికి చేరుతుంది. ప్రేమ తర్వాత ఇంటి అద్దె, అలసట, గొడవ, అన్నీ చూపించాడు. అవి చూపించాడు కాబట్టే చివరి దెబ్బ అంతగా తగిలింది. రెండేళ్లకి అదే కథ హిందీలో ధడక్‌గా వచ్చింది. ఉదయ్‌పూర్ అందంగా ఉంది, కుర్రాళ్లు అందంగా ఉన్నారు. కులం మాత్రం మసకబారింది. ముగింపులో చావు ఉంది, కానీ ఎందుకు చచ్చారో మనసుకి పట్టదు.

మీకు పనికొచ్చే ఒక వాస్తవం చెబుతాను, రాసుకోండి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది కదా, వేరే వేరే మతాలవాళ్లు ఎక్కువగా దాని కిందే పెళ్లి చేసుకుంటారు. నోటీసు ఇచ్చాక ముప్ఫై రోజులు ఆగాలి. ఆ నోటీసుని ఆఫీసులో అందరికీ కనపడేచోట అంటిస్తారు. పేర్లు, చిరునామాలు అన్నీ ఉంటాయి. ఎవరైనా వచ్చి అభ్యంతరం చెప్పొచ్చు. ఆలోచించండి. ఒక నోటీసుబోర్డు, దాని మీద రెండు పేర్లు, ముప్ఫై రోజులు. ఆఫీసుకి పొలం రిజిస్ట్రేషన్ పనిమీద వచ్చిన పెదనాన్న స్నేహితుడొకాయన, తన వంతు వచ్చేదాకా ఊసుపోక ఆ కాగితాలు చదువుతుంటాడు. చదువుతూ చదువుతూ ఒక పేరు దగ్గర ఆగుతాడు. ఫోన్ తీస్తాడు. ఇంతకన్నా టెన్షన్ ఏ విలన్ తేగలడు? పార్వతి అర్ధరాత్రి దాటొచ్చిన ఆ వాకిలి ఇవాళ ఈ నోటీసుబోర్డు దగ్గరుంది. ఇలాంటివి వెతకండి. చట్టంలో, హాస్టల్ రూల్సులో, వీసా కాగితాల్లో, ఇల్లు అద్దెకిచ్చేముందు ‘మీరేవిట్లు’ అని కులం అడిగే ఓనరు ప్రశ్నలో దొరుకుతాయి.

చివరగా ముగింపు గురించి. 2002 నాటి షారుఖ్ సినిమా చూసినవాళ్లందరికీ గుర్తుండేది ఏమిటి? ఐశ్వర్యారాయ్ పరుగెత్తుకొస్తుంటే మూసుకుపోయే ఆ పెద్ద తలుపులు. గొప్ప దృశ్యమే. నవలలో ఇంకోటి ఉంది. పాండువా స్టేషన్లో దిగి, ఎద్దుబండి మీద హాతీపోతా చేరి, ఆమె ఇంటిముందు రావిచెట్టు కింద దేవదాసు చనిపోతాడు. ఆ ఊళ్లో అతనెవరో ఎవరికీ తెలియదు. జేబులోని ఉత్తరాల వల్ల పేరు తెలుస్తుంది. బ్రాహ్మణుడని తెలిసినా, పరాయి మనిషి శవాన్ని ముట్టుకోవడానికి ఊళ్లో ఎవరూ ముందుకు రారు. అంటరానివాళ్లంటూ ఊరు పక్కనపెట్టినవాళ్లే వచ్చి తీసుకెళ్లి, సగం కాలీ కాలని శవాన్ని వదిలేస్తారు. ఇంటి మర్యాద తగ్గకూడదని పార్వతిని వదులుకున్న కుర్రాడు! ఆ మర్యాద అతని శవానికి నలుగురు మనుషుల్ని కూడా ఇవ్వలేకపోయింది. మొదటి అధ్యాయాల్లోని అడ్డు చివరి పేజీలో తిరిగొచ్చి లెక్క తేల్చింది. పార్వతికి సంగతి తర్వాత తెలుస్తుంది, పరుగెత్తబోతే పట్టి ఆపుతారు, పడిపోతుంది.

ఇవాళైతే ఆ శవం ఎక్కడుంటుంది? జిల్లా పేపర్లో లోపలి పేజీలో, ‘గుర్తు తెలియని వ్యక్తి మృతి’ అని రెండంగుళాల వార్త. వయసు సుమారు ముప్ఫై, నీలం గళ్ల చొక్కా, ఆచూకీ తెలిసినవారు ఫలానా స్టేషన్‌ని సంప్రదించాలి. జేబులో ఫోనుంది, లాకుంది, ఛార్జింగ్ లేదు. అదే పేజీ పార్వతి ఇంట్లో పొద్దున్నే వస్తుంది. ఆమె చదువుతుందా, మడిచి పక్కన పెడుతుందా, అన్నది మీరు తేల్చుకోవాలి. ఏది రాసినా, మీ కథలోని అడ్డుకీ ఆ చివరి పేజీకీ ముడి ఉండాలి.

వచ్చే తరగతికి అందరూ ఒక సన్నివేశం రాసుకుని రండి. పార్వతి అర్ధరాత్రి వచ్చే సన్నివేశమే. మీ సొంత ఊళ్లో, మీకు బాగా తెలిసిన వీధిలో జరగాలి. ఆమె ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చింది, దారిలో ఎవరు చూసే అవకాశం ఉంది, చూస్తే ఆమెకి ఏం పోతుంది, ఇవి మూడూ మాటల్లో చెప్పకుండా తెలియాలి. నాలుగు పేజీలు దాటొద్దు. దేవదాసు చేతిలో సీసా ఉండకూడదు, ఎందుకంటే ఆ రాత్రికి అతనింకా తాగడం మొదలుపెట్టలేదు. ఇక ప్రశ్నలుంటే అడగండి. ఆ చివర కూర్చున్న అమ్మాయి ఇందాకటి నుంచీ చెయ్యెత్తే ఉంది, ముందు ఆమెకి మైకివ్వండి.